పక్కింటి వైఫై వాడితే రికార్డులో పడేది ఎవరి పేరు?

క్లుప్తంగా: పాస్‌వర్డ్ లేని వైఫైకి కనెక్ట్ అయినవాళ్లు నెట్‌లో ఏం చేసినా, బయటివారికి అది ఆ కనెక్షన్ తీసుకున్న ఇంటివాళ్లు చేసినట్టే కనిపిస్తుంది. భారత ఐటీ చట్టం అనుమతి ఉందా లేదా అని అడుగుతుంది, పాస్‌వర్డ్ ఉందా లేదా అని కాదు. వాడుకునేవారికీ ప్రమాదం ఉంది, అయితే ప్రచారంలో ఉన్నంత సినిమాటిక్‌గా ఉండదు. అడిగి వాడుకోవడం, అడిగినవారికి సురక్షితంగా ఇవ్వడం ఇప్పుడు గతంలో కంటే చాలా తేలిక.

అపార్ట్‌మెంట్లలో ఫోన్ తీసి వైఫై లిస్టు చూస్తే పది పదిహేను పేర్లు వరసగా వస్తాయి. దాదాపు అన్నిటి పక్కనా తాళం గుర్తు ఉంటుంది. ఎప్పుడైనా ఒకదానికి ఉండదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ సాయంత్రానికే అయిపోయిన హాస్టల్ విద్యార్థికైనా, ఇల్లు మారి కొత్త కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్న కుటుంబానికైనా ఆ పేరు మీద వేలు పెట్టాలనిపించడం సహజమే. "వాళ్లది అన్‌లిమిటెడ్ ప్లానే కదా, పోయేదేముంది?" అనే మాట కూడా వెంటనే వస్తుంది.

ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అది డేటా ఖర్చు గురించి మాత్రమే చెబుతుంది. అసలు సమస్య డేటా దగ్గర లేదు.

## డేటా లెక్క మారింది, వేగం లెక్క మారలేదు

2005 ప్రాంతంలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లలోకి వచ్చినప్పుడు చిన్న ప్లాన్లకు నెలంతా కలిపి కొన్ని వందల ఎంబీల పరిమితే ఉండేది. అది దాటితే ఎంబీల లెక్కన బిల్లు పడేది. రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు లెక్కలోకి రాని ప్లాన్ తీసుకుని, పెద్ద ఫైళ్లన్నీ ఆ వేళలో డౌన్‌లోడ్‌కు పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. అప్పట్లో పక్కింటి వైఫై వాడుకోవడమంటే వాళ్ల బిల్లు పెంచడమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మొబైల్ డేటా ధర పడిపోయింది. ఇప్పుడు చాలా ఫైబర్ ప్లాన్లు నెలకు 3,300 జీబీ దాకా వాడుకోనిస్తున్నాయి. మామూలు కుటుంబం అందులో చిన్న వంతు కూడా వాడదు. పక్కింటి కుర్రాడు నాలుగు జీబీలు వాడితే బిల్లులో తేడా రాదు.

తేడా వేగంలో వస్తుంది. చాలా ఇళ్లలో ఉన్న రౌటర్లలో ఒక ఛానల్ మీద ఒక క్షణంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతావి తమ వంతు కోసం ఆగాలి. రౌటర్ ఉన్న గదిలోనే ఫోన్ ఉండి, సెకనుకు 300 మెగాబిట్ల వేగం అందుకుంటే, 10 ఎంబీల ఫైలు గాలిలో దాటడానికి సుమారు పావు సెకను చాలు. రెండు గోడల అవతల, ఒక్క గీత సిగ్నల్‌తో ఉన్న ఫోన్ 6 మెగాబిట్లకు పడిపోతే అదే ఫైలుకు 13 సెకన్లకు పైగా పడుతుంది. ఆ సమయమంతా ఇంట్లోవాళ్ల పరికరాలకు దొరికే వంతులు తగ్గుతాయి. కొత్త రౌటర్లు ఈ భారాన్ని కొంత సర్దుతాయి, పూర్తిగా తీసేయలేవు. ఆన్‌లైన్ క్లాసులో పిల్లవాడి వీడియో ఆగిపోతుంటే ఇంటివాళ్లు కంపెనీకి ఫోన్ చేసి గొడవపడతారు. అసలు కారణం గోడ అవతల ఉందని వాళ్లకు తట్టకపోవచ్చు.

అయినా ఇది చిన్న నష్టమే. పెద్దది వేరే ఉంది. అదెంత పెద్దదో 2008లో దేశమంతా చూసింది.

## 2008: నవీ ముంబైలో ఒక ఫ్లాట్

2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో సుమారు 70 నిమిషాల వ్యవధిలో వరసగా బాంబులు పేలాయి. 56 మంది చనిపోయారు. మొదటి బాంబు పేలడానికి కొద్ది నిమిషాల ముందు ఇండియన్ ముజాహిదీన్ పేరుతో టీవీ చానళ్లకు ఒక ఈమెయిల్ వెళ్లింది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో హైదరాబాద్ లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల వెనక ఉన్నదీ ఈ సంస్థే అని తర్వాత దర్యాప్తులో తేలింది.

పోలీసులు ఆ మెయిల్ ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి వెళ్లిందో పట్టుకున్నారు. అది నవీ ముంబై సాన్‌పాడాలోని ఒక ఫ్లాట్‌కు దారి తీసింది. అక్కడ ఉంటున్నది ముంబైలో ఉద్యోగం చేస్తున్న ఒక అమెరికన్. ఆయన కంప్యూటర్లు స్వాధీనం చేసుకున్నారు, మళ్లీ మళ్లీ ప్రశ్నించారు, దేశం దాటకుండా చూసే లుకౌట్ నోటీసు ఇచ్చారు. ఆ నోటీసు ఉండగానే ఆయన దేశం దాటి వెళ్లడంతో వివాదం ఇంకా పెద్దదైంది. చివరికి తేలింది ఏమిటంటే ఆయన వైఫైకి రక్షణ లేదు, ఎవరో దానికి కనెక్ట్ అయి మెయిల్ పంపారు. ఆయన మీద కేసు పెట్టలేదు. కానీ కొన్ని వారాల పాటు ఒక ఉగ్రవాద దాడి వార్తల్లో ఆయన పేరు, ఫొటో, ఇల్లు అన్నీ నలిగాయి.

అది ఒక్కసారితో ఆగలేదు. ఆగస్టులో వచ్చిన మెయిల్ మాటుంగాలోని ఒక కాలేజీ నెట్‌వర్క్ నుంచి వెళ్లింది. సెప్టెంబరు 13 ఢిల్లీ పేలుళ్ల మెయిల్ చెంబూరులోని ఒక కంపెనీ వైఫై నుంచి వెళ్లింది. పాస్‌వర్డ్ లేని వైఫై కోసం వెతుక్కుంటూ ఆ ముఠా సభ్యులు ముంబై చుట్టుపక్కల తిరిగారని పోలీసులు తర్వాత చెప్పారు.

ఫలితం 2009 మొదట్లోనే కనిపించింది. రక్షణ లేని వైఫైలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముంబై పోలీసులు వీధుల్లో తిరిగి చూసే కార్యక్రమం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. వైఫై ద్వారా నెట్ వాడే వ్యక్తి ఎవరో గుర్తించే ఏర్పాటు ఉండాలన్నది వాటి సారాంశం. విమానాశ్రయంలోనో రైల్వే స్టేషన్‌లోనో ఫ్రీ వైఫై వాడాలంటే ముందు మొబైల్ నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టాల్సి రావడం వెనక ఈ చరిత్ర ఉంది.

## పేరు ఎలా అంటుకుంటుంది

ఇంట్లో ఆరు ఫోన్లు, ఒక టీవీ, రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నా రౌటర్ వాటన్నిటి తరఫునా తానే బయటికి మాట్లాడుతుంది. ఏ వెబ్‌సైట్‌కు వెళ్లినా అవతలి సర్వర్‌కు కనిపించేది రౌటర్ వాడుతున్న ఐపీ అడ్రస్ ఒక్కటే. జవాబు తిరిగి వచ్చినప్పుడు అది ఏ ఫోన్ అడిగిందో రౌటర్ తన జ్ఞాపకంలో చూసుకుని దానికి అందిస్తుంది. ఆ జ్ఞాపకం తాత్కాలికం. పని అయిపోగానే చెరిగిపోతుంది. ఇళ్లలో వాడే మామూలు రౌటర్ నెల కిందట ఎవరు కనెక్ట్ అయ్యారో దాచి పెట్టదు.

ఇంటర్నెట్ కంపెనీ మాత్రం దాచి పెడుతుంది. ఇప్పుడు ఐపీ అడ్రస్‌ల కొరత వల్ల చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను అనేకమంది కస్టమర్లకు పంచుతున్నాయి. అందుకే దర్యాప్తు చేసేవారు అడ్రస్‌తో పాటు కచ్చితమైన సమయం, పోర్ట్ నంబరు (ఒకే అడ్రస్ పంచుకునేవారి కనెక్షన్లను విడిగా గుర్తించే అంకె) కూడా ఇచ్చి అడుగుతారు. ఆ మూడూ కలిస్తే కంపెనీ రికార్డులో ఒక కస్టమర్ దొరుకుతాడు. ఇలాంటి రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలు మార్చారు. అంతకు ముందు ఏడాదే ఉండేది.

అంటే చిక్కు ఇదీ: కస్టమర్ ఎవరో చెప్పే రికార్డు రెండేళ్లు నిలుస్తుంది. ఆ రోజు ఆ ఇంటి వైఫై మీద ఇంకెవరు ఉన్నారో చెప్పగలిగిన సమాచారం గంటల్లో, రోజుల్లో మాయమవుతుంది. పక్కింటి వైఫై వాడుకునేవారు తమకు తెలియకుండానే ఈ ఖాళీలో నిలబడతారు.

ఇది ఉగ్రవాద కేసులకే పరిమితం కాదు. పిల్లల మీద లైంగిక హింసకు సంబంధించిన వీడియోలు ఎవరైనా అప్‌లోడ్ చేస్తే తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకు టెక్ కంపెనీలు సమాచారం ఇస్తాయి. 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్‌కు చెందినవి జాతీయ నేర రికార్డుల బ్యూరోకు వస్తాయి, అక్కడి నుంచి రాష్ట్రాలకు వెళతాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులకూ అలాగే అందుతాయి. అందులో చేతికి దొరికే ఆధారాల్లో ముఖ్యమైనది ఐపీ అడ్రస్, సమయం. పోలీసులు మొదట తలుపు తట్టేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆ ఇంటిదే.

అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. 2011 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో ఫెడరల్ ఏజెంట్లు తెల్లవారుజామున తుపాకులతో ఒక ఇంట్లోకి దూసుకెళ్లారు. ఇంటాయన నిర్దోషి. ఆయన ఓపెన్ వైఫై వాడుకుంటున్న పొరుగు యువకుడిని తర్వాత అరెస్టు చేశారు. ఐపీ అడ్రస్ మనిషి కాదు అన్న మాట కోర్టులో చెల్లుతుంది. కానీ అది చెల్లే రోజు వచ్చేసరికి ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఉంటాయి, అపార్ట్‌మెంట్ అంతా కథలు చెప్పుకుంటూ ఉంటుంది. ఆ టెన్షన్‌కు పరిహారం ఎవరూ ఇవ్వరు.

## చట్టం ఏం చూస్తుంది

ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 ప్రకారం కంప్యూటర్, కంప్యూటర్ వ్యవస్థ లేదా నెట్‌వర్క్ యజమాని అనుమతి గానీ, దాని బాధ్యత చూసేవారి అనుమతి గానీ లేకుండా అందులోకి ప్రవేశిస్తే పరిహారం కట్టాల్సి రావచ్చు. పాస్‌వర్డ్‌ను ఛేదించాలనే షరతు అక్కడ లేదు. అదే పని నిజాయతీ లేకుండా లేదా మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 వర్తిస్తుంది. దానికి మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది బెయిలు దొరికే నేరమే, కానీ పోలీసులు నేరుగా కేసు నమోదు చేయగలిగినది కూడా.

అసలు చర్చంతా "నిజాయతీ లేకుండా" అన్న మాట దగ్గరే ఉంటుంది. ఫోన్ దానంతట అదే ఓపెన్ వైఫైకి కనెక్ట్ అయిపోయిందని తెలియక వాడినవారిని ఆ మాట కిందకు తేవడం కష్టం. పక్కింటిదని తెలిసి, అడిగితే ఇవ్వరని కూడా తెలిసి, నెలల తరబడి టీవీ నడిపించుకున్నవారి విషయం వేరు. కేవలం వైఫై వాడుకున్నందుకే కేసు నడవడం అరుదు. వేరే నేరం దర్యాప్తులో బయటపడినప్పుడు ఈ సెక్షన్లు అదనంగా చేరతాయి.

ఇతర దేశాలు ఈ ప్రశ్నను రకరకాలుగా తేల్చాయి. బ్రిటన్‌లో 2005లో ఇంటి బయట నిలబడి వేరేవారి వైఫై వాడిన ఒక వ్యక్తికి లండన్ కోర్టు 500 పౌండ్ల జరిమానా వేసింది. సింగపూర్‌లో 2007లో ఆన్‌లైన్ గేములు ఆడుకోవడానికి పొరుగువారి వైఫై వాడిన 17 ఏళ్ల కుర్రాడిని ప్రొబేషన్‌లో పెట్టారు. అమెరికా మిషిగన్ రాష్ట్రంలో అదే ఏడాది ఒకతను కెఫే బయట కారులో కూర్చుని, కస్టమర్ల కోసం పెట్టిన ఫ్రీ వైఫైలో రోజూ ఈమెయిల్ చూసుకున్నందుకు 400 డాలర్లు కట్టాడు. అక్కడ ఫిర్యాదు చేసింది కెఫే యజమాని కూడా కాదు. ఈ మూడింట్లోనూ శిక్ష పడింది వాడుకున్నవారికి.

జర్మనీ ఎదురు దిక్కు నుంచి మొదలైంది. 2010 మేలో అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం ముందుకు వచ్చిన కేసులో వైఫై యజమాని సెలవుల్లో ఊళ్లో లేడు. ఆ సమయంలో ఆయన కనెక్షన్ నుంచి ఎవరో ఒక పాటను అక్రమంగా పంచారు. నష్టపరిహారం ఆయన కట్టనక్కర్లేదు గానీ, వైఫైకి సరైన రక్షణ పెట్టుకోనందుకు లీగల్ నోటీసు ఖర్చు వరకు బాధ్యత ఉంటుందని కోర్టు చెప్పింది. ఆ తీర్పు భయంతో కెఫేలు, హోటళ్లు ఏళ్ల తరబడి ఓపెన్ వైఫై పెట్టడానికి జంకాయి. చివరికి 2017లో చట్టం మార్చి ఆ భారం తీసేశారు. వైఫై ఇచ్చేవారి మీద ఎక్కువ బాధ్యత మోపితే ఇచ్చేవారే ఉండరని జర్మనీ అనుభవం చూపిస్తోంది. భారత్‌లో ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ పెట్టకపోవడం దానికదే నేరమని ఐటీ చట్టం చెప్పదు. కానీ కనెక్షన్ తీసుకునేటప్పుడు సంతకం పెట్టే షరతుల్లో దుర్వినియోగం కాకుండా చూసుకోవాల్సిన బాధ్యత సాధారణంగా కస్టమర్ మీదే ఉంటుంది.

## వాడుకునేవారికి ఉన్న అసలు ప్రమాదం

ఓపెన్ వైఫైలో యూపీఐ పిన్ గాలిలోనే కొట్టేస్తారనే హెచ్చరికలు వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటాయి. అవి ఒకప్పటి పరిస్థితికి చెందినవి. 2010 అక్టోబరులో ఫైర్‌షీప్ అనే చిన్న టూల్ విడుదలైంది. ఒకే ఓపెన్ వైఫై మీద ఉన్న వేరేవాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ ఖాతాలు అందులో ఫొటోలతో సహా కనిపించేవి. ఒక్క క్లిక్‌తో వాళ్ల ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. అప్పటికి చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి (మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మార్చి), ఆ తర్వాతదంతా తెరిచి పంపేవి. ఆ దెబ్బతో పెద్ద సైట్లు ఒక్కొక్కటీ అన్ని పేజీలనూ ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్‌కు పూర్తిగా మారాయి. ఇప్పుడు బ్యాంకు యాప్, యూపీఐ, వాట్సాప్ అన్నీ ఫోన్ నుంచి సర్వర్ దాకా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళతాయి. మధ్యలో వైఫైకి పాస్‌వర్డ్ లేనంత మాత్రాన లోపలి సమాచారం బయటపడదు.

బయటపడేవి వేరే ఉన్నాయి. ఏ సైట్లకు, ఏ యాప్‌ల సర్వర్లకు వెళుతున్నారో ఆ పేర్లు రౌటర్ యజమానికి, కొన్నిసార్లు గాలిలో వినేవారికి కూడా కనిపించవచ్చు. ఉద్యోగాల సైటు, పెళ్లిసంబంధాల సైటు, ఒక జబ్బుకు సంబంధించిన సైటు, అప్పులిచ్చే యాప్ అనే పేర్లు చాలు, ఒక మనిషి గురించి ఎంతో చెప్పడానికి. అదీ రోజూ లిఫ్టులో ఎదురయ్యే పక్కింటివారికి.

రెండోది రౌటర్ సెట్టింగులు. సైటు పేరును అసలు చిరునామాగా మార్చే డీఎన్ఎస్ పని రౌటర్ చెప్పిన సర్వరే చేస్తుంది. ఆ సెట్టింగు మారిస్తే సరైన పేరు టైప్ చేసినా నకిలీ పేజీకి పంపవచ్చు. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ పట్టుకున్న డీఎన్ఎస్ ఛేంజర్ ముఠా ఈ పద్ధతినే వాడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 40 లక్షల కంప్యూటర్లకు ఆ ముఠా మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) సోకింది. ఇలాంటప్పుడు బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక చూపిస్తుంది. తొందరలో దాన్ని దాటేసి ముందుకు వెళ్లేవారే చిక్కుకుంటారు.

మూడోది చాలామందికి తెలియదు. ఓపెన్ వైఫైకి ఒకసారి కనెక్ట్ అయితే ఫోన్ ఆ పేరును గుర్తుపెట్టుకుని, మళ్లీ ఎక్కడ ఆ పేరు కనిపించినా అడగకుండానే కనెక్ట్ కావచ్చు. పాస్‌వర్డ్ ఉన్న వైఫై అయితే అవతలి రౌటర్‌కు కూడా ఆ పాస్‌వర్డ్ తెలిసుండాలి, లేకపోతే కలవదు. ఓపెన్ వైఫైకి ఆ పరీక్షే లేదు. కంపెనీ పెట్టిన పేరును మార్చని రౌటర్లు ఊరంతా ఉంటాయి కాబట్టి, అదే పేరుతో ఎవరైనా హాట్‌స్పాట్ పెట్టి బస్టాండులో కూర్చుంటే చాలు. పక్కింట్లో వాడుకున్న అలవాటు ఇంకో ఊళ్లో పట్టిస్తుంది. ఈ పని అయిపోయాక ఫోన్ సెట్టింగుల్లో ఆ పేరును తీసేయడం చాలా అవసరం.

## ఇంటి లోపల ఏం తెరుచుకుంటుంది

వైఫైలోకి వచ్చిన బయటి ఫోన్ ఇంటర్నెట్‌కు మాత్రమే కాదు, ఇంటి నెట్‌వర్క్‌కు కూడా చేరినట్టే. సీసీటీవీ కెమెరా, స్మార్ట్ టీవీ, ప్రింటర్, కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్లు అన్నీ ఒకే వరసలో కనిపించవచ్చు. బ్రౌజర్‌లో 192.168.1.1 లాంటి అడ్రస్ కొడితే రౌటర్ సెట్టింగుల పేజీ వస్తుంది. దానికి చాలా ఇళ్లలో అడ్మిన్, అడ్మిన్ అనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్లే ఇంకా ఉన్నాయి.

తెలుగు ఊళ్లలో ఇంకో మధ్యస్థ పరిస్థితి ఉంది. కేబుల్ ఆపరేటరో అతని దగ్గర పనిచేసే కుర్రాడో వచ్చి ఫైబర్ బాక్స్ బిగించి, ఇంటాయన మొబైల్ నంబరునే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి వెళతాడు. ఆ నంబరు గేటు మీద, షాపు బోర్డు మీద, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఫోన్‌లో తాళం గుర్తు కనిపిస్తుంది కానీ వీధిలో సగం మంది ఆ పాస్‌వర్డ్ ఊహించగలరు. 2001లోనే బలహీనమని తేలిపోయిన డబ్ల్యూఈపీ అనే పాత వైఫై రక్షణ పద్ధతి వాడే రౌటర్లది కూడా ఇదే కథ. పేరుకు పాస్‌వర్డ్ ఉన్నా నిజానికి అవి తెరిచి ఉన్నట్టే.

## నైతికత: వెలుగు వాదన ఎక్కడ ఆగుతుంది

ఓపెన్ వైఫై వాడుకోవడాన్ని సమర్థించేవారు చెప్పే బలమైన వాదన ఒకటుంది. పక్కింటి వరండా దీపం వెలుగు వీధిలో పడుతుంది, ఆ వెలుగులో ఎవరైనా చదువుకుంటే ఇంటివాళ్లకు పోయేదేమీ లేదు. సిగ్నల్ కూడా అలాగే గోడ దాటి తనంతట తానే వస్తోంది కదా అని.

ఈ వాదనలో లోపం సిగ్నల్ రావడం దగ్గర లేదు, తిరిగి పంపడం దగ్గర ఉంది. వెలుగులో చదువుకునేవారు దీపానికి ఏమీ పంపరు. వైఫై వాడుకునేవారి ప్రతి అభ్యర్థననూ రౌటర్ ఇంటివాళ్ల పేరు మీద బయటికి మోస్తుంది. చదువుకునేవారి చేతిలో ఏ పుస్తకం ఉందో దీపం యజమాని తర్వాత ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. వైఫై యజమాని చెప్పాల్సి రావచ్చు. వాడుకునేవారు ఎంత మంచివారైనా, ఆ బాధ్యత తమ మీద పడుతోందని తెలియనివారి మీద దాన్ని వేస్తున్నారు. ఒప్పుకోని మనిషిని పూచీదారుగా నిలబెట్టడం ఇందులోని తప్పు.

తెలిసే తెరిచిపెట్టేవారూ ఉన్నారు. అమెరికా భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ తన ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ పెట్టలేదని 2008లో బహిరంగంగానే చెప్పారు. దారినపోయేవారికి అవసరానికి నెట్ అందించడం మర్యాద అన్నది ఆయన వాదన. అది గౌరవించదగిన ఆలోచనే. కానీ ఆయన ప్రమాదం తెలిసి ఆ నిర్ణయం తీసుకున్నారు. పక్కింటి వైఫై తెరిచి ఉందంటే యజమాని ఉదారంగా తెరిచారా, రౌటర్ రీసెట్ అయి పాస్‌వర్డ్ పోయిన సంగతి తెలియక ఉన్నారా అన్నది ఫోన్ తెర మీద తెలియదు. కనుక్కోవడానికి అడగడం ఒక్కటే దారి.

అనుమతి ఎవరిస్తున్నారన్నదీ చూడాలి. ఆడుకోవడానికి వచ్చిన పిల్లవాడి దగ్గర పాస్‌వర్డ్ రాబట్టడం, పాత అద్దెకున్నవారు చెప్పినదాన్ని ఇల్లు ఖాళీ చేశాక కూడా వాడటం, ఒకసారి అతిథిగా వెళ్లినప్పుడు ఫోన్‌లో సేవ్ అయినదాన్ని కింది ఫ్లాట్ నుంచి ఏడాది పొడవునా వాడటం మన ఇళ్లలో మామూలు. వీటిలో పాస్‌వర్డ్ ఉంది, అనుమతి మాత్రం లేదు. ఒక్క అత్యవసరం వేరు. అర్ధరాత్రి అంబులెన్స్‌కో, కుటుంబ సభ్యుడికో సమాచారం పంపడానికి ఓపెన్ వైఫై వాడి, ఉదయం ఆ మాట చెబితే ఎవరూ తప్పు పట్టరు.

## అడిగేవారికి, ఇచ్చేవారికి ఉన్న దారులు

ఇంటి వైఫై పొరుగువారికి ఇవ్వాలనుకుంటే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అనే ఏర్పాటు ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. సరిగ్గా పెడితే ఇంట్లోని కెమెరా, టీవీ, కంప్యూటర్లు అటువైపు కనిపించవు. అవసరం తీరాక ఆ పాస్‌వర్డ్ ఒక్కటే మార్చేస్తే చాలు. అయితే బయటికి కనిపించే ఐపీ అడ్రస్ మాత్రం ఇంటిదే అన్నది గుర్తుంచుకుని, బాగా తెలిసినవారికే ఇవ్వాలి. నెలనెలా డబ్బులు పంచుకునే ఏర్పాటుకు కంపెనీ షరతులు సాధారణంగా ఒప్పుకోవు.

డబ్బు తీసుకుని ఇవ్వడానికి చట్టబద్ధమైన దారి పీఎం వాణి పథకం. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ఈ పథకంలో కిరాణా కొట్టు, టీ కొట్టు యజమాని కూడా లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా వైఫై అమ్మవచ్చు. వాడుకునేవారిని గుర్తించడం, లెక్కలు చూడటం టెలికాం శాఖలో నమోదైన వేరే సంస్థ చేస్తుంది. అంటే పేరు అంటుకునే సమస్యను ఈ పథకం మొదట్లోనే విడదీసింది. హాస్టళ్లు ఎక్కువున్న చోట్ల ఇది ఇంకా విస్తరించాల్సి ఉంది. ప్యాక్ అయిపోయిన విద్యార్థికి నాలుగు రూపాయలకు నెట్ దొరికితే పక్కింటి సిగ్నల్ వైపు చూడాల్సిన పనే తగ్గుతుంది.

పాస్‌వర్డ్ లేకుండానే గాలిలో ఎన్‌క్రిప్షన్ ఇచ్చే ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్ అనే ప్రమాణాన్ని వైఫై ప్రమాణాలు చూసే కంపెనీల సంఘం వైఫై అలయన్స్ 2018లో తెచ్చింది. పక్కన కూర్చుని వినేవారి నుంచి అది కాపాడుతుంది. అవతల ఉన్నది ఎవరో మాత్రం చెప్పదు, కాబట్టి రికార్డు సమస్య అలాగే ఉంటుంది.

ఇంటివాళ్లు చేయాల్సిన పని పదిహేను నిమిషాలది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. వైఫై సెక్యూరిటీ సెట్టింగులో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ పద్ధతి పెట్టి, ఫోన్ నంబరు కాని పొడవైన పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ కొట్టకుండానే కనెక్ట్ కానిచ్చే డబ్ల్యూపీఎస్ బటన్ సౌకర్యాన్ని ఆపేయాలి. పక్కింటి వైఫై తెరిచి ఉందని గమనించినవారు ఆ సంగతి వాళ్లకు చెప్పడం మంచిది. చాలామందికి అది తెలియదు కాబట్టి మొహమాటపడక్కర్లేదు.

ఒకవేళ కనెక్షన్ వివరాల గురించి పోలీసుల నుంచి నోటీసు వస్తే, కంగారులో రౌటర్‌ను రీసెట్ చేయకూడదు. 2024 జులై నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ చట్టం సెక్షన్ 94 కింద పత్రాలు, పరికరాలు అడిగే అధికారం కోర్టుకూ, పోలీస్ స్టేషన్ బాధ్యత చూసే అధికారికీ ఉంది. చెరిపేస్తే అనుమానం పెరుగుతుంది, ఉన్న కొద్ది ఆధారం కూడా పోతుంది. రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల లిస్టు, లాగ్ ఏదైనా ఉంటే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, వైఫైకి అప్పటిదాకా పాస్‌వర్డ్ లేదన్న విషయం రాతపూర్వకంగా చెప్పి, లాయర్‌తో కలిసి వెళ్లడం మేలు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మ్యాక్ అడ్రస్ (వైఫైలో పరికరాన్ని గుర్తించే నంబరు) చూపిస్తున్నాయి. అందువల్ల ఆ లిస్టు ఫలానావారి ఫోన్ అని తేల్చలేకపోవచ్చు. ఇంటివాళ్లది కాని పరికరం ఒకటి ఆ సమయంలో నెట్‌వర్క్‌లో ఉందని మాత్రం చూపించగలదు.